శ్రుతిపెట్టెకు కట్టిన కట్టు

మా గురువు దాలయ్య గారికి ఒక అలవాటుంది. ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. అటూ ఇటూ చూసి, చేతికందిన వస్తువేదో మన ముందు పెడతారు. ఆయన మేళంలో చేరిన కొత్తల్లో, "నా చేతికి సన్నాయి ఎప్పుడిస్తారండీ?" అని అడిగాను. అరటిపండు ఒకటి ఇచ్చి, పండిందో లేదో చూడమన్నారు. నేను తినేశాను. ఆ ప్రశ్న అక్కడితో ముగిసిపోయింది. ఇరవై రెండేళ్లయింది, నేనింకా శ్రుతిపెట్టె దగ్గరే ఉన్నాను. ఆయన ముందు కూర్చుని ఏడు స్వరాలనూ ఏడు వందల రకాలుగా తిప్పుతారు. నేను వెనక కూర్చుని, పెట్టె తిత్తి ఆడిస్తూ, ఒకే ఒక్క స్వరాన్ని అపశ్రుతి లేకుండా మోగిస్తాను. ఆ మాటకొస్తే అపశ్రుతి లేకపోవడం పెట్టె గొప్ప. నాది చెయ్యి నొప్పి మాత్రమే.

పోయిన మాఘమాసంలో ఆయన్ని మరో ప్రశ్న అడిగాను. అది విద్య గురించి కాదు, ప్రాణం గురించి.

మండపేట దగ్గర ఒక పెళ్లి. పగలు పదకొండింటి ముహూర్తం. నాకు నిద్రపట్టడానికి చీకటే కావాలన్న నియమం లేదు. నిద్రలో కూడా నా చెయ్యి తిత్తి ఆడిస్తుందని నా నమ్మకం. చెయ్యి ఆడిస్తూనే ఉందట. మిగతా నేను వేదిక మీంచి పక్కకి ఒరిగి, కింద పెట్టిన గంగాళం అంచు మీద పడ్డాను. ఎడం పక్క టక్కుమంది. డోలు వాయించే ఆయన ఆ చప్పుడుని తన దరువులో కలుపుకుని మంచి ముక్తాయింపు ఇచ్చాడని పెళ్లివారు తర్వాత కూడా మెచ్చుకున్నారు.

ఆసుపత్రిలో ఫొటో తీశారు. పక్కటెముక ఒకటి చిట్లింది. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మేనకోడలి వయసు. "నొప్పి మాత్ర వేళ తప్పకుండా వేసుకోండి. గంటకోసారి పదిసార్లు నిండుగా ఊపిరి తియ్యండి. దగ్గొస్తే ఆపుకోకండి, దిండు ఆ పక్కకి అదుముకుని దగ్గండి. జ్వరమొచ్చినా, ఆయాసమొచ్చినా ఆ నిమిషమే రండి" అంది.

"మరి కట్టండీ?"

"కట్టు లేదు."

"పిండికట్టు కూడా లేదా?"

"ఊపిరి తీసే చోటుకి కట్టేంటండీ?" అని నవ్వి, తర్వాతి వాళ్లని పిలిచింది.

కాలివేలికి దెబ్బ తగిలితేనే మూరెడు గుడ్డ చుట్టుకునే వంశం మాది. ఎముక విరిగినవాణ్ణి ఉత్తినే ఇంటికి పంపే వైద్యం మీద నాకు గురి కుదరలేదు. దానికి తోడు నాకో పాత భయం ఉంది. నా ఎనిమిదో ఏట మా సత్తెయ్య చిన్నాన్నకి గడ్డిమేటు మీంచి జారిపడి పక్కటెముక విరిగింది. పెద్దవాళ్లు కట్టు కట్టి పడుకోబెట్టారు. తొమ్మిదో రోజున పోయాడు. ఎముక మొన ఊపిరితిత్తిలో దిగిందని ఊరంతా అనుకున్నారు. చివరి రోజుల్లో ఆయన గుండెలోంచి తడిగుడ్డ చింపుతున్నట్టు ఒక చప్పుడొచ్చేది. అప్పట్లో దాలయ్య గారిది మా పక్కిల్లే. ఆ తొమ్మిది రోజులూ వాళ్లింట్లో సన్నాయి మోగలేదు. కట్టు ఇంకాస్త బిగించి ఉంటే చిన్నాన్న బతికేవాడని నా లెక్క.

అందుకని ఇంటికి రాగానే ఎనిమిది మూరల పంచె తెప్పించాను. ఆ కట్టు ఒక్కరివల్ల అయ్యేది కాదు. మనిషిని మధ్యలో నిలబెట్టి, చెరో కొసా పట్టుకుని, అటొకరూ ఇటొకరూ లాగాలి. ఒక కొస మా ఆవిడ తాయారు పట్టుకుంది. రెండోది మా బావమరిది గవర్రాజు పట్టుకున్నాడు.

"ఊపిరంతా వదిలెయ్ బావా. ఆఁ! ఇంక తియ్యకు."

"మరెప్పుడు తియ్యను?"

"ముడెయ్యనీ."

"డాక్టరమ్మ వద్దందంట కదరా" అంది తాయారు, లాగుతూనే.

"ఆవిడకేం తెలుసక్కా, ఆవిడ ఎముకా?"

అలా ముడిపడ్డాక, నేను ఊపిరిని మందు తాగినట్టు గుక్కెడు గుక్కెడు తాగడం మొదలుపెట్టాను. ఎముక మొన లోపల ఎక్కడో సూదిలా పొంచి ఉన్నట్టూ, నిండుగా గాలి పీలిస్తే చటుక్కున దిగిపోతుందన్నట్టూ ఉండేది. తుమ్మొస్తుందని ఇంట్లో తాలింపు మాన్పించాను. నవ్వొస్తుందని గవర్రాజుని గదిలోకి రానివ్వలేదు. ఆవలింతలు పళ్ల మధ్యనే కొరికేసేవాణ్ణి. మంచానికి ఎదురుగా తేదీల కాగితం వేలాడుతుండేది. తాయారు రోజుకో కాగితం చింపుతుంటే నాకు చిన్నాన్న మంచం కనబడేది. నాలుగు. అయిదు. ఆరు.

ఏడో రోజు మధ్యాహ్నం నా గుండెలోంచి ఒక చప్పుడు వినిపించింది.

వీధిలో ఎవరో గుడ్డలు ఉతుకుతున్నారనుకున్నాను. ఊపిరి ఆపి విన్నాను. చప్పుడు ఆగింది. మళ్లీ కాస్త తీశాను. మళ్లీ వచ్చింది. తడిగుడ్డ చింపుతున్నట్టు. ఒళ్లు కాలుతోంది. తాయారుకి చెబితే ఏడుస్తుంది. ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది. ఏడవాలంటే ఊపిరి కావాలి. అందుకని చెప్పలేదు.

ఎనిమిదో రోజు పొద్దున్నే దాలయ్య గారు సైకిలు మీద వచ్చారు. లేవబోయి లేవలేక, పడుకునే దణ్ణం పెట్టాను.

"గురువుగారూ, నొప్పి లేకుండా ఊపిరి తీసే దారి ఏదైనా ఉందాండీ?"

ఆయన నా ముఖం చూడలేదు. నా ఛాతీ మీది ముడినే చూస్తున్నారు. డెబ్భై ఏళ్ల మనిషి, నా మీదికి వంగి, ఆ ముడి ఎంత బిగువుగా ఉందో వేళ్లతో తడిమి చూశారు.

"ఎన్నాళ్లయింది?"

"ఎనిమిదో రోజండీ."

చటుక్కున లేచి బయటికి వెళ్లిపోయారు. "ఇదేంటండీ, కాఫీ అయినా తాగకుండా!" అని తాయారు గుమ్మందాకా పరిగెత్తింది. ఇంక నాకు చెప్పడానికేమీ లేకే వెళ్లిపోయారనుకున్నాను.

పావుగంటలో తిరిగొచ్చారు. చంకలో ఒక పాత శ్రుతిపెట్టె. నేను చేరకముందుది. చుట్టూ అడ్డంగా నిలువుగా గుడ్డ చుట్టి, కదలకుండా బిగించి ఉంది. దాన్ని మంచం మీద నా పక్కన పెట్టారు.

"మోగించు."

"ఇలా కట్టేస్తే తిత్తి ఎలా ఆడుతుందండీ?"

"నీది నువ్వు ఆడించట్లేదూ?"

తాయారు కత్తి తెచ్చింది. ముడి కోస్తుంటే ఆ గుడ్డ పిప్పిలా రాలింది. "తిత్తికి తోలు చీలింది. ఇంకా చీలకూడదని నేనే కట్టి అటక మీద పెట్టాను" అన్నారు. పెట్టె విప్పి నా ముందు వంచారు. మట్టి. గాలి పోయే కంతలోంచి కందిరీగలు దూరి, లోపలంతా వేలెడు వేలెడు గూళ్లు కట్టాయి. స్వరం పలికే ఇత్తడి రేకులు ఆ మట్టిలో పూడిపోయాయి. ఎండిన సాలీళ్లు నాలుగు నా దుప్పటి మీద పడ్డాయి. తోలు చీలిక కోసం వెతికాను. గోరంత ఉంది.

"చీలిక పెరిగిందా?"

"లేదండీ."

ఆయన ఆ కత్తి అందుకుని నా ముడి వైపు తిప్పారు.

"వద్దండీ! ఎముక దిగుతుంది. మా చిన్నాన్న..."

"తాయారమ్మా, దిండు."

పంచె ఒక్కసారిగా వదులైంది. ఎనిమిది రోజులు బిగిసిన పక్క ఒక్కపెట్టున తెరుచుకుంటుంటే, గోడ కూలిపోతున్నట్టే అనిపించింది. దిండు నా చేతుల్లో పెట్టి, దాని మీద తన చెయ్యి అదిమి పట్టుకున్నారు.

"తియ్యి."

"భయమేస్తోందండీ."

"వెయ్యనీ. తియ్యి."

తీశాను. నొప్పి ఎడం పక్కనుంచి వీపుదాకా కత్తిలా పోయింది. దిగిపోయిందనుకున్నాను. కళ్లు మూసుకుని చావు కోసం చూశాను. అది రాలేదు. దగ్గు వచ్చింది. దిండుని పిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుని దగ్గాను, మళ్లీ దగ్గాను, నాలుగోసారికి చిక్కటి పచ్చ కఫం ఊడిపడింది. తాయారు పళ్లెం పట్టబోయి నా ముంజేతిని తాకింది.

"ఒళ్లు పెనంలా కాలుతుంటే చెప్పరా! నన్ను ముండమోపిని చేద్దామనా?"

"నువ్వు ఏడుస్తావని..."

"ఇప్పుడు నవ్వుతున్నానా?"

"తిట్లు ఆటోలో తిట్టుకోవచ్చు తల్లీ. జ్వరానికి నేను పనికిరాను" అన్నారు దాలయ్య గారు. అప్పటికే గవర్రాజు ఆటో కోసం పరిగెత్తాడు. డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. ఊపిరితిత్తి అడుగున కఫం పేరుకుందనీ, ఇంకో రెండు రోజులైతే తన చేతుల్లో ఉండేది కాదనీ చెప్పి, అయిదు రోజులు ఆసుపత్రిలోనే ఉంచేసింది. తొమ్మిదో రోజు అక్కడే గడిచింది. ఆ రోజంతా నేను గడియారం చూడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఇంటికొచ్చాక గురువుగారు రోజూ వచ్చేవారు. మంచం పక్కన కూర్చుని, గంటకోసారి నా పది ఊపిర్లకూ వేళ్లతో తాళం వేసేవారు. ఆయన నాకోసం తాళం వెయ్యడం ఇరవై రెండేళ్లలో అదే మొదలు. ఏడో ఊపిరి దగ్గర నేను మోసం చేస్తే, వేళ్లు ఆపి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేవారు. నొప్పి మాత్రం ఉంది. నెలరోజులపాటు ఉంది. తాలింపు మళ్లీ మొదలయ్యాక నేను మొదటిసారి తుమ్మిన రోజున, నా కేక విని పక్కింటివాళ్లు పరామర్శకొచ్చారు.

ఒక సాయంత్రం పది ఊపిర్లూ అయ్యాక అడిగాను.

"మా చిన్నాన్న నిజంగా ఎముక గుచ్చుకునే పోయాడాండీ?"

దాలయ్య గారు అలవాటు ప్రకారం అటూ ఇటూ చూశారు. చేతికందే దూరంలో, తాయారు ఉతికి దండెం మీద ఆరేసిన ఆ పంచె తప్ప ఏమీ లేదు. దాని ఒక కొస అందుకున్నారు. చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూసి, మెల్లగా వదిలేశారు.

"రెండో కొస మీ నాన్న పట్టుకున్నాడు" అన్నారు.