నాంచారవ్వ పక్కన విస్తరి

పొయ్యిలో పుల్లమ్మ, పొంగింది ఎసరమ్మ,
ఎవరికి వండేవే కనుమ కిందమ్మా?
వచ్చినోళ్ళకు వండి, పోయేటోళ్ళకు వండి...

ఆ తర్వాతి వరస పోయింది. వడ్లు దంచేటప్పుడు పాడే పాట ఇది. రెండు రోకళ్ళ చప్పుడు మధ్య చిన్నప్పుడెప్పుడో విన్నది. నాలుగో వరస వచ్చేసరికి ఎవరో ఒకరు నవ్వేవారు, లేకపోతే తవుడు చెరగమని కేకేసేవారు. పాట సగమే మిగిలింది. ఆ కనుమ కిందమ్మ కథ మాత్రం మొత్తం మిగిలింది. చెప్తా, వినండి.

దారులకు ఇంకా పేర్లు పెట్టని కాలం. ఉప్పు బండెక్కి కొండకు పోయేది. గొంగడి భుజమెక్కి సముద్రానికి వచ్చేది. చీరలు మూటెక్కి ఊరూరూ తిరిగేవి. ఈ మూడు దారులూ రెండు కొండల నడుమ ఒక కనుమ కింద కలిసేవి. అక్కడ ఊరు లేదు. ఒక బావి, ఒక గడ్డి ఇల్లు, అంతే. ఆ ఇల్లు పూటకూళ్ళ ఇల్లు, దారినపోయేవాళ్ళకు పూటకింత వండిపెట్టే ఇల్లు. వండేది నాంచారవ్వ.

అవ్వ అంటున్నాం గానీ, ఆ ఇంటికి వచ్చిననాడు ఆమెకు మూడేళ్ళో నాలుగేళ్ళో. ఏదో బండ్లవాళ్ళు పోతూ పోతూ బావి దగ్గర మరిచిపోయారో, వదిలేసిపోయారో, ఎవరికీ తెలియదు. అప్పుడు ఆ ఇల్లు నడిపే ముసలామె పిల్లను ఎత్తుకొచ్చి పొయ్యి ముందు కూర్చోబెట్టుకుంది. నాంచారి అని పేరు పెట్టింది. కూర తరగడం నేర్పింది, అన్నం వార్చడం నేర్పింది. అందరూ తిని వెళ్ళాక ఇద్దరూ పక్కపక్కన రెండు విస్తళ్ళు వేసుకుని తినేవారు. చాలా ఏళ్ళు అలా తిన్నారు.

ముసలామె పోతూ పోతూ మూడు మాటలు చెప్పి పోయింది. పొయ్యి ఆరనివ్వకు. వచ్చినవాళ్ళ ఊరు అడుగు, కులం అడక్కు. వడ్డించే మనిషి అందరూ లేచాకే తినాలి.

నాంచారి ఆ మూడు మాటలూ తప్పలేదు. మధ్యాహ్నానికి బండ్లు వచ్చి బావి దగ్గర ఆగేవి. ఎడ్లను విప్పి నీళ్ళు పెట్టేవారు. వరసగా కూర్చునేవారు. నాంచారి వడ్డించేది. వాళ్ళు తిన్నారు, చెయ్యి కడిగారు, పోయారు.

ఆ తర్వాత ఆమె తన విస్తరి ఒక్కటే వేసుకునేది. అన్నం గుండిగ అడుగున ఉన్నది పెట్టుకునేది. ఎడ్ల మెడలో గంటలు కనుమ ఎక్కుతూ వినపడేవి. మొదట దగ్గరగా, తర్వాత దూరంగా, తర్వాత వినపడీ వినపడనట్టు. అవి ఆగిపోయేలోపు తినేద్దామని ఆమె గబగబా తినేది. ఎప్పుడూ అవే ముందు ఆగిపోయేవి.

ఆమె కోరిక ఒక్కటే. తన విస్తరి పక్కన ఇంకో విస్తరి పడాలి.

ఒకనాడు కూర్చుని ఆలోచించింది. మనుషులు ఇంటికెందుకు పోతారు? ఇంటి తిండి కోసం పోతారు. ఆ తిండి ఇక్కడే దొరికితే ఇంక పోవడం దేనికి? ఎవరో ఒకరు ఉండిపోరా? అప్పటినుంచి వచ్చిన ప్రతివాణ్ణీ అడగడం మొదలుపెట్టింది, మీ ఇంట్లో ఏం తింటారు, మీ అమ్మ ఎలా వండుతుంది అని.

మొదట ఉప్పుబండి పోలయ్య వచ్చాడు. సముద్రం ఒడ్డు మనిషి. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు పడాలన్నాడు, నిన్న వండింది ఇవాళ తినాలన్నాడు, కుండ కదిలించాలే గానీ గరిటె పెట్టకూడదన్నాడు. నాంచారి వాగులో కొరమీను పట్టించి అచ్చం అట్లాగే వండింది. పోలయ్య ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"మాయమ్మ చేసినట్టే ఉందే," అన్నాడు.

తిన్నాడు, చెయ్యి కడిగాడు, బండిని కొండవైపు కాదు, సముద్రంవైపు తిప్పాడు. ఆ ఏడు కొండమీద వాళ్ళు చప్పిడి కూరలు తిన్నారని చెప్తారు.

రెండోసారి గొంగళ్ళ బీరప్ప వచ్చాడు. మెట్టసీమ మనిషి. రాగి సంకటి ముద్ద నున్నగా ఉండాలన్నాడు, మధ్యలో గుంట చేసి నెయ్యి పోయాలన్నాడు, పక్కన నంజుకోను చెనిక్కాయల పచ్చడి, ఊరిబిండి, ఉండాలన్నాడు. నాంచారి చెయ్యి కాలేదాకా సంకటి గెలికింది. బీరప్ప ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"మాయవ్వ పెట్టినట్లే ఉండాదే," అన్నాడు.

తిన్నాడు, చెయ్యి కడిగాడు, అమ్మాల్సిన గొంగళ్ళు అమ్మకుండానే వెనక్కి కనుమ ఎక్కాడు.

మూడోసారి చీరల సాంబయ్య వచ్చాడు. ఉత్తరాన మగ్గాల ఊరు ఆయనది. అన్నలతో పోట్లాడి వచ్చాడు, ఇంక ఆ గడప తొక్కనన్నాడు. కాల్లో ముల్లు దిగి ఆ ఇంట్లోనే ఆగాడు. ముల్లు వచ్చేసినా ఆయన పోలేదు. కట్టెలు కొట్టాడు, నీళ్ళు తోడాడు, పొయ్యి పక్కన కూర్చుని కబుర్లు చెప్పాడు. నాంచారిని అక్కా అని పిలిచేవాడు. నీ చారు తాగితే చచ్చినోడు లేచి రెండోసారి పోయించుకుంటడక్కా అనేవాడు. వానాకాలమంతా ఉన్నాడు. ఒకరోజు విస్తరి ముందు కూర్చోబోయి, మళ్ళీ లేచాడు.

"నువ్వెప్పుడు తింటవక్కా?"

"అందరూ లేచాక."

"అయితే రేపటినుంచి నేను గూడ నీతోనే తింట. నాకేం తొందరున్నదిప్పుడు?"

నాంచారికి ఆ మాటతో కడుపు నిండిపోయింది. రేపు రెండు విస్తళ్ళు. రేపు ఏం వండాలి? మంచిది వండాలి. ఆయనకు నచ్చింది వండాలి. అడగకుండానే ఉండిపోయాడు గనక అంతవరకూ ఆ ఒక్క మనిషినే అడగలేదు ఆమె. అప్పుడు అడిగింది, మీ ఇంట్లో ఏం తింటారు తమ్ముడూ అని.

సర్వపిండి అన్నాడు సాంబయ్య. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, పచ్చిమిరపకాయలు వేసి కలపాలి. సర్వ గిన్నె లోపల పలచగా అతికించాలి. వేళ్ళతో బొక్కలు పెట్టి, ఆ బొక్కల్లో నూనె పొయ్యాలి. నాంచారి మర్నాడు అట్లాగే చేసింది. బండ్లవాళ్ళు లేచేదాకా సాంబయ్య ఆగాడు. రెండు విస్తళ్ళు పక్కపక్కన పడ్డాయి. ఆమె ఇంకా నీళ్ళచెంబు తెస్తూ ఉండగానే ఆయన ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. 

"అంచులు మాడినయి," అన్నాడు. "మా వదినె గూడ ఎప్పుడూ అంచులు మాడగొడతది."

ఆ ముక్క తిన్నాడు, చెయ్యి కడిగాడు, చీరల మూట భుజాన వేసుకున్నాడు. నాంచారి గడపలో నీళ్ళచెంబుతో అట్లాగే నిలబడిపోయింది. రెండు విస్తళ్ళలో ఒకటి ఒక్క ముక్క విరిచినది, ఒకటి ఎవరూ ముట్టనిది.

అప్పటికి గానీ ఆమెకు తెలియలేదు. ఇంటి రుచి మనిషిని ఆపదు, లేపుతుంది. ఆమె ఎంత బాగా వండితే వాళ్ళు అంత త్వరగా పోయారు. ఎవరూ పంపలేదు. ఆమే తన చేత్తో పంపింది.

ఆ రోజునుంచి ఎవరి ఇంటి వంటా అడగలేదు. అన్నం, పప్పు, చారు. రోజూ అవే. వచ్చినవాళ్ళు తిన్నారు, చెయ్యి కడిగారు, పోయారు. అట్లా ఎన్ని వానాకాలాలు గడిచాయో. నాంచారి నాంచారవ్వ అయ్యింది. నలభై ఊళ్ళ వంట ఆమెకు తెలుసు. తన ఊరేదో తెలియదు గనక తన ఇంటి వంటేదో మాత్రం తెలియదు.

ఒక ఎండాకాలం, చంకన ఉలి సంచి వేసుకుని ఒక ఆడమనిషి వచ్చింది. పేరు సుంకులమ్మ. అరిగిపోయిన రోళ్ళకు, తిరగళ్ళకు గంట్లు పెట్టడం ఆమె పని. రోలు నున్నబడితే పచ్చడి నలగదు, జారిపోతుంది. ఉలితో సన్నగా గంట్లు కొడితే మళ్ళీ పట్టు వస్తుంది. సుంకులమ్మ అవ్వ రోలును వంగి చూసింది.

"ఇది రోలా, అద్దమా అవ్వా? నా మొగం కనపడతాంది," అంది.

పొద్దుటినుంచి మధ్యాహ్నందాకా టకటకా కొట్టింది. బండ్లు వచ్చాయి. వాళ్ళు తిన్నారు, చెయ్యి కడిగారు, పోయారు. గంటలు కనుమ ఎక్కి ఆగిపోయాయి. సుంకులమ్మ ఇంకా రోలు దులుపుతూనే ఉంది. పాత అలవాటు కదా, నాంచారవ్వ నోరు జారింది. మీ ఇంట్లో ఏం తింటారమ్మా అని అడిగేసింది. అడిగి నాలిక కొరుక్కుంది.

"మాకు ఇల్లేడుంది అవ్వా? నేను బండిలో పుట్టినా. యా ఇంట్లో రోలు బాగుచేస్తే ఆ ఇంటి కూడే మా కూడు. నీకేం ఇష్టమో చెప్పు, అదే నూరుకుందాం."

 ఆ మాట అవ్వను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అటూ ఇటూ చూసి, దోసకాయ పచ్చడి అంది. అది నిజమో కాదో ఆమెకే తెలియదు. పెరట్లో దోసకాయ ఉంది, అంతే.

కొత్తగా గంట్లు పెట్టిన రోట్లో రాతిపొడి ఉంటుంది. సుంకులమ్మ మొదట తవుడు వేసి నూరి పారబోసింది. రెండోసారి నూకలు వేసి నూరి కోళ్ళకు చల్లింది. మూడోసారి పచ్చడి నూరింది. రెండు విస్తళ్ళు వేసి, అన్నం పెట్టి, రా కూర్చో అంది.

నువ్వు తిను, నేను వడ్డించే మనిషిని, తర్వాత తింటానని అవ్వ చెప్పింది. సుంకులమ్మ ఒప్పుకోలేదు.

"గంట్లు పెట్టిన రోట్లో నూరిన మొదటి పచ్చడి, గంట్లు పెట్టినదీ ఇంటామే కలిసి తినాల. అది మా పనిలో కట్టు. నేనొక్కదాన్నే తింటే రాయి తగల్లేదని అబద్ధం చెప్తా. నువ్వొక్కదానివే తింటే తగిలిందని అబద్ధం చెప్తావు. ఇద్దరం తింటేనే నిజం తేలేది. కూర్చో."

నాంచారవ్వ కూర్చుంది. పక్కన ఇంకో విస్తరి ఉంది. మొదటి ముద్ద తిన్నారు.

"రాయి తగిలిందా?"

"ఏమో, తెలీలేదు."

రెండో ముద్ద తిన్నారు.

"ఇప్పుడు?"

"నా పళ్ళు పాతవి. సరిగా చెప్పలేకపోతున్నా."

మూడో ముద్దా అట్లాగే అయింది. నాలుగోదీ అంతే. పచ్చడి అయిపోయేదాకా అవ్వకు రాయి సంగతి తేలలేదు. సుంకులమ్మ నవ్వు ఆపుకుంటూ రోలు గీకి ఆఖరి ముద్ద కూడా కలిపి పెట్టింది. ఇట్లా పళ్ళు లేనిదానివి ఇన్నాళ్ళు ఎట్లా బతికినావే అవ్వా అంది.

పోయేటప్పుడు మళ్ళీ ఎప్పుడొస్తావని అవ్వ అడిగింది. గంట్లు అరిగినాక అంది సుంకులమ్మ.

ఆ మర్నాటినుంచి ఆ ఇంట్లో రోలుకు తీరిక లేదు. అవ్వ కందిపొడి నూరింది. కరివేపాకు కారం నూరింది. ఎవరూ అడక్కపోయినా గోంగూర నూరింది, ఉలవలు నూరింది, పసుపుకొమ్ములు నూరింది. భోజనంలోకి రోజూ మూడు పచ్చళ్ళు. ఆ సంగతి మూడు దారులమ్మటా పాకింది. ఒక పూట దారి చుట్టయినా సరే, బండ్లు కనుమ కిందికే వచ్చేవి. రోలంటే నీకేమన్నా పగా అవ్వా అని బండ్లవాళ్ళు ఏడిపించేవారు. అవ్వ రోట్లోకి వేలు పెట్టి తడిమి చూసుకునేది, ఎంత అరిగిందా అని.

మొదటిసారి ఏడాదికి అరిగింది. సుంకులమ్మ వచ్చింది, ఇద్దరూ కలిసి తిన్నారు. రెండోసారి ఎనిమిది నెలలకే అరిగింది. సుంకులమ్మ వచ్చింది, ఇద్దరూ కలిసి తిన్నారు. ఎంత త్వరగా అరిగినా, ఒక రాకకూ ఇంకో రాకకూ మధ్య రెండు వందల మధ్యాహ్నాలకు పైనే ఉండేవి. అన్నీ ఒక్క విస్తరి మధ్యాహ్నాలే. వాటిని తగ్గించడం ఏ రోలుకూ చేతకాలేదు.

మూడోసారి సుంకులమ్మ వచ్చేసరికి బావి దగ్గర బండ్లు ఆగి ఉన్నాయి గానీ ఇంట్లో పొగ లేదు. వాకిట్లో రోలు ఉంది. సుంకులమ్మ అలవాటుగా వేలు పెట్టి చూసింది. గంట్లు తను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, వేలికి గుచ్చుకున్నాయి. రోట్లో సాలెగూడు. ఉలి సంచి అక్కడే జారవిడిచి లోపలికి పోయింది.

నాంచారవ్వ చాప మీద ఉంది. కళ్ళు తెరిచి సుంకులమ్మను చూసి, గంట్లు ఇంకా అరగలేదమ్మా, నీకు పని లేకుండా చేశానని చిన్నబోయింది. సుంకులమ్మ కట్టెలు తెచ్చింది. పొయ్యి రాజేసింది. అన్నం వండింది. రోలు కడిగి చింతకాయ పచ్చడి నూరింది. అవ్వను లేపి తన భుజానికి ఆనించుకుని కూర్చోబెట్టింది. ముందర రెండు విస్తళ్ళు వేసింది. ఆకలితో వచ్చిన బండ్లవాళ్ళు గడప బయటే నిలబడ్డారు. అవ్వ తిన్నాకే మేం తింటాం అన్నారు. సుంకులమ్మ ఒక ముద్ద అవ్వ నోట్లో పెట్టింది, ఒకటి తను తింది. రాయి తగిలిందా అని అడిగింది. అవ్వ నెమ్మదిగా నమిలింది.

ఆ పొద్దు వాలకముందే నాంచారవ్వ పోయింది.

బండ్లవాళ్ళు ఆమెను ఆ మూడు దారులు కలిసేచోటే పెట్టారు. సుంకులమ్మ ఆ రోలును దొర్లించుకొచ్చి తలదగ్గర పాతింది. తర్వాత బండ్లు పోయాయి, లారీలు వచ్చాయి. పూటకూళ్ళ ఇళ్ళు పోయి హోటళ్ళు వచ్చాయి. అయినా ఆ కనుమ దారమ్మట ఒక కట్టు ఉంది. ఆఖరి వరసలో తిన్నవాళ్ళు వెంటనే లేవరు. వంటామెను పిలిచి, పక్కన ఆకు వేసి, వాళ్ళే వడ్డిస్తారు. ఎవరైనా మూల బల్ల దగ్గర ఒంటరిగా తింటూ కనపడితే, ముక్కూమొహం తెలియకపోయినా సరే, ఇంకొకరు తన ఆకు జరుపుకుని పక్కన చేరతారు. చేరి, రాయి తగిలిందా అని అడుగుతారు. అవతలి మనిషికి కథ తెలిసినా తెలియకపోయినా, ఏమో, తెలీలేదు అనే అంటాడట. నాకైతే అదే వింత.

సుంకులమ్మ ఆ తర్వాత చాలాకాలం బతికింది. అవ్వ ఆఖరున ఏమంది, దీవించిందా, ఏమన్నా అప్పజెప్పిందా అని అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పేది. అవ్వ ఆ ముద్ద మింగి, తన మొహంలోకి చూసి ఇట్లా అందట:

"ఉప్పు తగ్గిందే అమ్మీ. ఇంకో ముద్ద పెట్టు."