తొమ్మిదో మెట్టు

కూర్మయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకునేవారు. అడిగినవాడు వెంట నడవాలి, ఎక్కడికని అడగకూడదు. ఆ నడకలో ఎక్కడో ఒకచోట జవాబు ఎదురుపడేది. కొందరికి ఎదురుపడేది కాదు, వాళ్ళకు కాళ్ళనొప్పులు మాత్రం మిగిలేవి. వేగావతి ఒడ్డున దాసన్నవలసలో యాభై ఏళ్ళుగా వీణలు చేస్తున్న ఆ పెద్దాయన దగ్గర పని నేర్చినవాళ్ళంతా ఈ సంగతి నవ్వుతూనే చెబుతారు.

ఆయన శిష్యుల్లో పారినాయుడి తీరు వేరు. పాతికేళ్ళ కిందట అతను ఆ ఊరికి పని నేర్చుకుందామని రాలేదు, పనసదుంగల బండి తోలుకుని వచ్చాడు. దుంగలు దించి, చెమట తుడుచుకుంటూ కూర్మయ్యగారి పాక నీడన కూలబడ్డాడు. లోపల ఒకావిడ కొత్త వీణ ముందు కూర్చుని వాయించి చూసుకుంటోంది. అతనికి సంగీతం ఓనమాలు తెలియవు. అయినా ఒకచోట, ఒకే ఒక్క స్వరం కిందినుంచి లేచి నిలబడేసరికి అతను చెమట తుడుచుకోవడం ఆపేశాడు. ఊహ తెలియకముందే పోయిన తల్లి బతికుంటే తనను అలాగే పిలిచేదనిపించింది. ఆ స్వరం మళ్ళీ వస్తుందేమోనని కూర్చున్నవాడు ఎద్దులు ఆకలికి రంకెలు వేస్తున్నా లేవలేదు. మర్నాడు బండి అన్నకు అప్పగించి వచ్చి ఉలి పట్టుకున్నాడు. అలాంటి స్వరం తన చేత్తో చేసిన వీణలో ఒక్కసారి పలకాలి. అంతకుమించి అతనికి కోరిక లేదు.

పనిమంతుడు కాడా అంటే, అతని చెయ్యి చూసి తోటివాళ్ళు కుళ్ళుకునేవారు. పనసదుంగను తొలిచి గుండ్రంగా కుండ తీసినా, పొడుగాటి దండి నునుపు చేసినా, దండి చివర సింహంలాంటి యాళి ముఖం చెక్కినా, తీగ బిగించే బిరడలు అమర్చినా వంక పెట్టడానికి ఉండేది కాదు. తను విడిగా వేసుకున్న పాకలో పొద్దు పొడవకముందే దీపం వెలిగేది. అయితేనేం, నాలుగేళ్ళుగా ఆ పాకలోంచి ఒక్క వీణ గడప దాటలేదు. పాత వీణలకు తీగలు మార్చి, పగుళ్ళు పూడ్చి పూట గడుపుకునేవాడు. "క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు" అని అతని భార్య పైడితల్లి మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత నవ్వకుండా అనేది. ఆ తర్వాత అనడం మానేసింది.

పాకలో గోడ వెంట ఏడు వీణలు వరసగా నిలబెట్టి ఉండేవి. ఒక్కోదాని కింద గోడ మీద సుద్దముక్కతో దాని లోపం రాసుకునేవాడు. ఒకదాని కింద ‘యాళి కన్ను’, ఇంకోదాని కింద ‘బిరడ జారుతోంది’, మొదటిదాని కింద ‘తొమ్మిదో మెట్టు’. ఏ వీణ ఎవరిదని ఎవరైనా అడిగితే అతను చప్పున చెప్పలేకపోయేవాడు. ఏ వీణకు ఏం లోపమో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

ఆ మొదటి వీణ వైదేహమ్మగారిది. పాతికేళ్ళ కిందట అతను విన్నది ఆవిడ వాయింపే. సాలూరులో ఆడపిల్లలకు సంగీతం చెప్పి రిటైరైన మనిషి. రెండేళ్ళ కిందట ఇంటి కప్పు కారి ఆవిడ ఆనాటి వీణ తడిసి, కుండ నిలువునా చీలింది. ఆవిడే పనిగట్టుకుని అతని పాకకు వచ్చింది. "చెవులు మందగిస్తున్నాయి నాయనా. ఉన్న నాలుగు రోజులూ వాయించుకుంటాను. దీపావళికి ఇవ్వగలవా?" అంది. అతను రెండు చేతులూ జోడించి ఇస్తానన్నాడు. ఆ దీపావళి నాటికి అన్నీ అయిపోయాయి, ఒక్క మెట్టు తప్ప.

వీణకు ఇరవై నాలుగు మెట్లుంటాయి. దండి మీద మైనం పోసి, ఆ మైనంలో ఇత్తడి మెట్లను ఒక్కొక్కటిగా చెవితో వింటూ నిలబెడతారు. మైనం కాస్త వేడి చేస్తే మెట్టు మళ్ళీ జరుగుతుంది. ఆ మైనమే పారినాయుడి కొంప ముంచింది. కొయ్య మీద తప్పు చేస్తే చేసినట్టే, మైనం మీద తప్పును రోజూ దిద్దుకుంటూ కూర్చోవచ్చు. తొమ్మిదో మెట్టు, అంటే ధైవతం, సరిగమపదనిల్లో ‘ద’, తన చెవి చెప్పినచోట పెడితే ఒక్కో స్వరానికి ఒక్కో ముడి వేసిన కొలతదారం తప్పంటుంది. దారం చెప్పినచోట పెడితే స్వరం శుద్ధంగానే పలుకుతుంది గాని అందులో ఆనాటి పిలుపు ఉండదు. ఇలా జరిపి, అలా జరిపి, దీపావళి దాటించాడు, సంక్రాంతి దాటించాడు, మరో దీపావళి కూడా దాటించాడు. ఆవిడ దగ్గరనుంచి కబురు రావడం ఆగిపోయింది. పాపం ఆవిడ తొందరపెట్టడం లేదని అతను సంతోషించాడు కూడా.

ఒక ఉదయం అతను కూర్మయ్యగారి అరుగు ముందు నిలబడ్డాడు. అప్పటికి అతనికి నలభై అయిదు. కళ్ళు గుంటలు పడ్డాయి.

"అయ్యా, తెల్లారి లేస్తే చేతులు ఊరుకోవు. వొళ్ళు దాచుకున్నోణ్ణి కాను. మరి నా పని ఒక్కటీ ఎందుకు గట్టెక్కదయ్యా?"

కూర్మయ్యగారు చెప్పులు వేసుకున్నారు.

నడక ఎంతో దూరం సాగలేదు, పారినాయుడి పాక దగ్గరే ఆగింది. పెద్దాయన లోపలికి వెళ్ళి గోడ మీది సుద్దరాతలు ఒక్కొక్కటే చదివారు. మొదటి వీణను రెండు చేతులతో ఎత్తారు.

పారినాయుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. "ఆ మెట్టు కుదరలేదయ్యా. రాత్రి జరిపినాను, దారం పెడితే తక్కువొచ్చింది. ఒక్క రోజు ఆగండి, సరి చేసేస్తాను."

"దుప్పటుందేటి, సుట్టడానికి?" అన్నారు కూర్మయ్యగారు.

సాలూరు దాకా ఆటోలో వెళ్ళారు. దుప్పటి చుట్టిన వీణను పసిపిల్లలా ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు పారినాయుడు. గతుకు తగిలినప్పుడల్లా ఆ మెట్టు ఇంకా జరిగిపోతుందేమోనని అతని బెంగ. వైదేహమ్మగారు మెట్టు నొక్కగానే మొహం చిట్లిస్తుంది, ఇన్నాళ్ళు ఉంచుకుని ఇదా తెచ్చావంటుంది. ఇంత కష్టం, ఇంత ఆశ ఆ ఒక్క మెట్టు మీద బూడిదలో పోసిన పన్నీరవుతాయని దారంతా లోపల్లోపల ఏడ్చుకున్నాడు.

తలుపు తీసినది వైదేహమ్మగారి చెల్లెలి కూతురు. వీణ చూసి ఆమె మొహం ఒక్క క్షణం వెలిగి, వెంటనే వాడిపోయింది.

"పెద్దమ్మకు వినపడదండీ. ఏదన్నా చెప్పాలంటే పలక మీద రాయాలి."

"ఎప్పటినుంచమ్మా?" అన్నాడు పారినాయుడు.

"పోయినేడు మాఘం నుంచి బొత్తిగా వినపడడం మానేసిందండీ."

ఆవిడ అడిగిన దీపావళికి ఇచ్చి ఉంటే మాఘం లోపల మూడు నెలలు. పారినాయుడు ఆ లెక్క వెయ్యకూడదనుకున్నాడు, కాని అది దానంతటదే పడింది. తొంభై రోజులు ఆవిడ తన వీణ తను విని ఉండేది. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. కూర్మయ్యగారు వెనకనుంచి భుజం మీద చెయ్యి వేసి లోపలికి నెట్టారు.

వైదేహమ్మగారు ఒక్క మాట నిష్ఠూరమాడలేదు. తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది. "వచ్చిందే!" అని చిన్నపిల్లలా చేతులు చాచింది. చాప వేయించుకుని కూర్చుంది. యాళి చెవులు నిమిరింది, దండి మీద అరచెయ్యి పెట్టి ఈ చివరినుంచి ఆ చివరికి పోనిచ్చింది. శ్రుతి చేసుకోవడం తనవల్ల కాదు గనక కూర్మయ్యగారు పక్కన కూర్చుని బిరడలు తిప్పి తీగలు కూర్చి పెట్టారు. అప్పుడావిడ ముందుకు వంగి దవడను దండికి ఆనించింది. చెవి చెయ్యని పనిని ఎముకకు అప్పజెప్పి, కళ్ళు మూసుకుని మీటింది.

ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ వచ్చింది. పారినాయుడు లోపల లెక్కపెడుతున్నాడు. అయిదు, ఏడు, ఎనిమిది దాటింది. తొమ్మిదో మెట్టు మీద ఆవిడ వేలు పడింది, పడుతూనే తీగను పక్కకు లాగింది. స్వరం కిందినుంచి లేచి నిలబడింది.

అదే, పనస దుంగల బండి దగ్గర అతను విన్న స్వరం. పాతికేళ్ళుగా ఏ కొయ్యలో, ఏ మైనంలో వెతికినా దొరకనిది, తన ఉలి తొలిచిన వీణలోంచి, తను సిగ్గుపడుతూ తెచ్చిన మెట్టు మీదనుంచి వచ్చింది. అతనికి ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

వైదేహమ్మగారు కళ్ళు తెరిచి అతనికేసి చూసింది. "ధైవతం పలికిందా నాయనా? తీగ వణుకు తెలుస్తోంది గాని నాకు స్వరం అందడం లేదు."

అతను పలక తీసుకున్నాడు. ‘పలికిందమ్మా’ అని రాసి చూపించాడు. ఆవిడ ఆ అక్షరాలు చదువుకుని తృప్తిగా నవ్వింది.

"అయితే ఇంకోసారి విను" అని, తనకు వినపడని స్వరాన్ని అతని కోసం మళ్ళీ వాయించింది.

గది మూలన చీలిన పాత వీణ గోడకు ఆనించి ఉంది. కుండ చీలినా మెట్లు మైనంలో అలాగే ఉన్నాయి. కూర్మయ్యగారు దానికేసి గడ్డంతో చూపించారు. పారినాయుడు నడుమున దోపుకున్న కొలతదారం తీశాడు. గురువు కొలతకే చేసిన వీణ గనక రెండింటి దండీ ఒకే పొడవు. తీగ మొదలయ్యే చోట దారం కొస పట్టి, తొమ్మిదో మెట్టు దాకా లాగి చూశాడు. ధైవతానికని వేసిన ముడి మెట్టు మీద పడలేదు, వడ్లగింజంత అవతల పడింది. కొత్త వీణ మీద పెట్టి చూశాడు. అక్కడా వడ్లగింజంత అవతలే పడింది. నమ్మలేక మళ్ళీ కొలిచాడు.

అతను కొలవడం చూసి వైదేహమ్మగారు పకపకా నవ్వింది. "అది తప్పు మెట్టే నాయనా! ఈ పాత వీణ తీసుకున్నప్పుడు, మర్నాడు పొద్దున్నే నాకు కచేరీ, ముందురోజు ఎండకు మెట్టు కింది మైనం జారింది. ధైవతం తగ్గిందమ్మా, రెండు రోజులాగమన్నారు మీ గురువుగారు. మిగతాది నా వేలు చూసుకుంటుంది, ఇచ్చెయ్యండన్నాను. పాతికేళ్ళు చూసుకుంది."

కూర్మయ్యగారు చెప్పులు వేసుకోవడానికి లేచారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒళ్ళో వీణ లేదు. ఖాళీ దుప్పటి మడతపెట్టి పట్టుకున్నాడు పారినాయుడు. కోరుకున్నది విన్నాడు, కోరుకున్నచోటే విన్నాడు. వినవలసిన మనిషి మాత్రం వినలేకపోయింది. ఈ రెండూ ఒకే గుండెలో ఎలా పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. ఆలస్యం అమృతం విషమని లోకం ఊరికే అనలేదు. తన విషయంలో అమృతం అమృతంగానే ఉంది, తాగేవారికి గొంతు దిగని వేళ పోశాడు.

కూర్మయ్యగారి అరుగు దగ్గర దిగారు.

"ఇంకా ఆరున్నాయి కదరా నీ పాకలో" అన్నారు కూర్మయ్యగారు. "ఎల్లి ఆ సుద్దరాతలు తుడిచెయ్. ఒక్కోదాని కింద అది ఎవలికోసమో ఆ పేరు రాయి."

పారినాయుడు తలాడించి రెండడుగులు వేసి ఆగాడు. ఇన్నాళ్ళూ ‘బిరడ జారుతోంది’ అని గుర్తుపెట్టుకున్న వీణ వెనక ఉన్న మొహం, ఉన్నట్టుండి అతనికి జ్ఞాపకం వచ్చింది.

"మూడోది పోస్టుమాస్టరుగారిదయ్యా. రిటైరయ్యాక నేర్చుకుంటానని అడిగినారు. ఆయన పోయినేడే పోయినారు."

కూర్మయ్యగారు అరుగు ఎక్కి నిదానంగా చెప్పులు విడిచారు.

"ఆ పేరు ముందు రాయి" అన్నారు.