మట్టికోడి దాచుకున్న గుడ్డు

అనగనగా, కడుపులో నిప్పు దాచుకున్న ఓ కొండ. దాని చుట్టూ వాన వదలని అడవి. అక్కడ నేలెప్పుడూ వెచ్చగా ఉంటుంది.

ఆ అడవిలో గవ్వ అనే మట్టికోడి ఉండేది. మట్టికోళ్లు గుడ్లు పొదగవు. ముక్కుతో మట్టి వేడి చూసుకుని, సరిపోయిన చోట గొయ్యి తవ్వి, గుడ్డు పెట్టి పూడ్చేస్తాయి. మిగతాది కొండ చూసుకుంటుంది. దగ్గర్లో తచ్చాడితే గుడ్లు తినే దొంగలకి చోటు తెలిసిపోతుందని దూరంగా మసులుతాయి.

గవ్వకి అది తొలి గుడ్డు.

చెట్టు తొర్రలో గుడ్లు పొదుగుతున్న కొమ్ముపిట్ట తల బయటపెట్టి అంది: "నేను కదలకుండా కూర్చున్నా. నువ్వు మన్నులో పాతేసి షికార్లు తిరుగుతున్నావు. బాగుందమ్మా నీ తల్లితనం."

గవ్వ పురుగులు ఏరుకుంటూ ముందుకి సాగింది.

పిల్లని పొట్టకి కరుచుకున్న కోతి ఇంకా నవ్వింది. పాతింది గుడ్డా, గింజా అని అడిగింది. మొలకొస్తే కబురు పెట్టమంది.

 ఆ పూట గవ్వకి మేత సహించలేదు.

అప్పుడొచ్చింది ఉడుము, మెల్లగా, జాలిగా.

"వాళ్ల మాటలకేం గానీ చెల్లీ, ఒక్కసారి తవ్వి చూసుకోరాదూ? వేడి ఎక్కువైందో ఏమో. కన్నదానివి, నీకు మాత్రం బెంగుండదా?"

ఆ మాట గుచ్చుకుంది. గవ్వ గుడ్డు వైపు నడిచింది. తోక ఈడ్చుకుంటూ ఉడుము వెంటపడింది. సగం దారిలో అడిగింది: "అవునూ, ఎంత లోతులో పెట్టావేంటి?"

గవ్వ కాలు ఆగింది. ఎక్కిరించిన కొమ్ముపిట్ట లోతు అడగలేదు. నవ్విన కోతీ అడగలేదు. జాలిపడ్డ దీనికే లోతు కావాల్సొచ్చింది.

"చాలా లోతు, అన్నా. నావల్ల కాదు, నువ్వే తవ్వాలి," అని దారి మళ్లించింది. కొండ పగుల్లోంచి సెగ తన్నే చోట ఆగి, నేల మీద రెండుసార్లు గీరి పక్కకి జరిగింది. ఉడుము ఆత్రంగా తవ్వి మూతి దూర్చింది. మరుక్షణం మూతి కాలి, వెనక్కి చూడకుండా వాగులోకి ఉరికింది.

ఆ తర్వాత కూడా గవ్వ గుడ్డు దగ్గరికి పోలేదు. కొమ్ముపిట్ట సణుగుడూ ఆగలేదు.

ఓ వానపొద్దున మట్టి కదిలింది. పిల్ల తనంతట తనే పైకొచ్చి, ఒళ్లు దులుపుకుని, ఎవరికోసం చూడకుండా రివ్వున ఎగిరిపోయింది. దూరపు కొమ్మ మీంచి గవ్వ చూసింది. పిలవలేదు. కళ్లారా చూసుకుంది, అంతే.

అందుకే పిల్లలూ, మన ప్రేమకి రుజువు అడిగిన ప్రతివాళ్లకీ దాన్ని దాచుకున్న చోటు చూపించక్కర్లేదు.