నిన్నటి రవ్వముద్ద

"త, ధి, తొం, నం... ఇవింకా ఎన్నాళ్ళు వాయించాలి గురువుగారూ?" అని మాణిక్యాంబ అడిగింది. అడిగింది కూడా ఎప్పుడంటే, ఆమె వాయించిన మృదంగానికి పందిరంతా మొదటిసారి చప్పట్లు కొట్టిన సాయంత్రం.

మండపేటలో శ్రీరామనవమి కచేరీలు జరుగుతున్నాయి. నేమాని గంగాధరం గారి ఇంట్లోనే ఉంటూ ఆమె పదకొండేళ్ళుగా మృదంగం నేర్చుకుంటోంది. ఆయనది ఒకటే పట్టు. శిష్యులు ఎంతవాళ్ళైనా సరే, తెల్లారగానే మొదటి రోజు చెప్పిన ఆ నాలుగు అక్షరాలతోనే మొదలుపెట్టాలి. ఆయనా అలాగే మొదలుపెడతారు, ఎన్నడూ విననిదేదో వింటున్నట్టు తల ఓ పక్కకి వంచి.

ఆ రోజు పాడిన గాయని వెళ్తూ వెళ్తూ, "రేపూ ఇలాగే వాయించమ్మా. వచ్చే నెల నుంచి నా కచేరీలన్నిటికీ నువ్వే," అన్నారు. ఇక మాణిక్యాంబకి నేల మీద కాలు ఆనలేదు. ఆ ఊపులోనే అడిగేసింది.

గురువుగారు మృదంగం వంక చూశారు. ఎడమ వైపు తోలు మూత మధ్యలో తడిపిన బొంబాయి రవ్వముద్ద ఉంది. కచేరీకి ముందు అది అద్దితేనే ఆ వైపు గుమ్మని, నూతిలో బిందె మునిగినట్టు పలుకుతుంది. కచేరీ కాగానే గీకి పారెయ్యాలి. ఆమె చెయ్యి అలవాటుగా అటే వెళ్తోంది.

"ఉండనీ," అన్నారాయన. "ఇవాళ బాగా పలికింది కదా. రేపటికీ అదే."

"తియ్యకుండానా?"

"పందిరంతా మెచ్చుకున్న ముద్దమ్మా. పారేస్తావా?"

అది వేళాకోళమో, దీవెనో ఆమెకి తెలియలేదు. కాసేపు ఆలోచించి, తనకి ఇష్టమైన అర్థమే తీసుకుంది. మర్నాడు పొద్దున సాధనకి కూడా లేవలేదు.

మధ్యాహ్నం మూడింటికి మృదంగం గుడ్డ విప్పి చూస్తే, ముద్ద ఎండిన పిడకలా ఉంది. బీటలు వారి, తోలుని గట్టిగా పట్టుకుని లాగుతోంది. వేలితో కొడితే చేట మీద కొట్టినట్టు టక్కుమంది. అంచు పట్టుకుని గోరుతో ఎత్తబోయింది. ముద్దతోపాటు తోలూ లేవబోయింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ గాయని శ్రుతికి కుదిరే మృదంగం ఇంట్లో అదొక్కటే. కచేరీ ఆరింటికి.

"మీరే కదండీ ఉంచమన్నారు," అంది, మృదంగాన్ని ఆయన వైపు తిప్పి.

"అన్నాను. నువ్వు ఉంచావు," అని ఆయన తడిగుడ్డ తెచ్చి మూత మీద పరిచారు. "తొందరపడకు. తొందరపడితే చిరుగుతుంది."

తడపడం, ఆగడం, కాస్త గీకడం. మళ్ళీ తడపడం. ఊడొచ్చిన పెచ్చొకటి మాణిక్యాంబ అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది. దాని అడుగున తోలు మీది సన్నటి గీతలన్నీ అచ్చు దిగి ఉన్నాయి. పదకొండేళ్ళు ఆ తోలు మీదే చెయ్యి వేసింది, దానికి అన్ని గీతలున్నాయని మాత్రం తెలియదు. నిన్న అంతమందిని ఊపేసింది ఇదేనా అనుకుంది. వేళ్ళతో నలిపితే పొడై రాలిపోయింది.

అయిదింటికి చివరి పెచ్చు ఊడింది. తోలు చిరగలేదు.

గురుపత్ని కామేశ్వరమ్మ గారు గిన్నెతో రవ్వ తెచ్చి పెట్టారు. "ఈ తొమ్మిది రోజులూ రవ్వంతా మీ రాముడికే. ఇంట్లో ఉప్మా మొహం చూసి ఎన్నాళ్ళయిందో," అంటూ లోపలికి వెళ్ళిపోయారు.

మాణిక్యాంబ చెంబు అందుకుంది. "నిన్న నాలుగు చెంచాల నీళ్ళు పోశాను. అంతే పొయ్యనా?"

ఆయన కొద్దిగా పోయించి, ముద్ద కలిపి, మూతకి అద్ది వేలితో తట్టారు. తల పక్కకి వంచి విన్నారు. చిటికెడు తీశారు. మళ్ళీ తట్టారు. మళ్ళీ చిటికెడు పెట్టారు.

"యాభై ఏళ్ళుగా చేస్తున్నారు కదా, చూడగానే తెలిసిపోదా మీకు?" అంది మాణిక్యాంబ. ఈసారి నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

గంగాధరం గారు మృదంగాన్ని ఆమె ఒళ్ళోకి జరిపారు.

"ఇవాళ్టి గాలికి ఎంత పడుతుందో నాకు మాత్రం ఏం తెలుసమ్మా? మొదటి అక్షరం నుంచి కానీ. విందాం."