పగ్గం వదలని పకీరప్ప

మీరు లేరు, నేను లేను, మన తాతల తాతలూ లేరు. అందర్నీ కాచే నరసింహస్వామి మాత్రం ఉన్నాడు. ఆ కాలంలో, తల్లులారా, తండ్రులారా, ఎర్రగుట్ట కింద ఒక కోట ఉండేది. కోటలో సింగమనాయుడనే దొర. దొరకు చుక్కి అనే ఆడగుర్రం. చుక్కికి పకీరప్ప.

దాణా పెట్టేది పకీరప్ప. ఒళ్లు తోమేది పకీరప్ప. లద్దె ఎత్తేది పకీరప్ప.

ఒకనాటి పొద్దున చుక్కి మేత ముట్టలేదు. కాలితో నేల గీరింది. మెడ తిప్పి పొట్టకేసి చూసుకుంది. ఒళ్లంతా చెమట. కడుపునొప్పి!

దొర పరుగున వచ్చాడు. ఆయనకు భయమేసింది, భయం కోపమైంది. స్వామి మీద ఒట్టేసి అరిచాడు: "ఇది పడి చస్తే, అప్పుడు పగ్గం ఎవని చేతిలో ఉంటే వాని ఇల్లంతా పొద్దుగూకేలోపు ఊరు దాటాల!"

పకీరప్ప ఇంట్లో నెలలు నిండిన కూతురుంది. ఊరు దాటితే బిడ్డ ఎక్కడ కంటుంది? ముళ్లకంపల్లోనా?

చుక్కిని గుంజకు కట్టి గుట్ట ఎక్కాడు, గుట్ట దిగాడు. అవతల మల్లారప్ప అని గుర్రాల వైద్యుడు. కాలు విరిగి మంచంలో ఉన్నాడు. రాలేడు. అడగగలడు.

"లద్దె వేసిందా?"

"లేదు సామీ."

"పొర్లిందా?"

"పొర్లబోయింది. అదిలిస్తే లేచింది."

"నిన్న ఏం తినింది?"

"నానని ఉలవలు. పందెం గెలిచిందని దొరే గంపెడు పోయించినాడు."

"అదీ సంగతి! ఇను అబ్బీ. గింజ పెట్టొద్దు. పడుకోనీయొద్దు. పొర్లితే పేగు మెలిపడతాది, ఇంక స్వామే దిక్కు. లద్దె వేసేదాకా మెల్లగా నడిపించు." వైద్యుడు పకీరప్ప చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకో మాట. నీ రొమ్ములో పిల్లికూతలు ఇనపడతా ఉండాయి. నువ్వొక్కడివే నడిపించొద్దు. చేతులు మార్చుకోండి."

"ఈ మాట గుర్రం కోసమా సామీ, నా కోసమా?"

"ఇద్దరి కోసం రా."

పకీరప్ప తిరిగొచ్చి పగ్గం పట్టాడు. నడు తల్లీ, నడు. కోట చుట్టూ ఒక చుట్టు. ఎండ నెత్తికెక్కింది. లద్దె లేదు.

"ఓబులేసూ, కాస్త పట్టు. రొమ్ము పట్టేస్తా ఉంది," అన్నాడు తలారితో.

"నా చేతిలో పడితే?" తలారి తలుపు చాటుకు పోయాడు.

నడు తల్లీ, నడు. ఇంకో చుట్టు. దారిలో బావమరిది కదిరప్ప.

"కదిరా, కాస్త పట్టు."

"గాడిదను తోలేదానికీ పనికిరానని నువ్వే అంటివి గదా బావా!" నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. "నా చేతిలో పడితే?"

నడు తల్లీ, నడు. మరో చుట్టు. కోటవాకిట్లో దొర.

"దొరా, మీ గుర్రమే గదా. కాస్త పట్టండి."

దొర చెయ్యి ముందుకొచ్చింది. ఒట్టు గుర్తొచ్చింది. చెయ్యి వెనక్కిపోయింది. నా చేతిలో పడితే అని ఆయన అనలేదు. అనకపోయినా ఊరంతటికీ వినబడింది.

చుక్కి ముందుకాళ్లు మడతపడ్డాయి. పకీరప్ప దాని మెడ కింద భుజం పెట్టి లేపాడు. "పడొద్దు తల్లీ. ఇంట్లో నా బిడ్డ ఉంది." నడు. ఊపిరి అందలేదు. నడు. కళ్లు బైర్లు కమ్మాయి. నడు.

చుక్కి తోకెత్తింది. లద్దె వేసింది.

కేకలు, ఈలలు! తలారి వచ్చాడు, బావమరిది వచ్చాడు, దొర వచ్చాడు. అందరూ గుర్రం ఒళ్లు నిమిరేవాళ్లే. చుక్కి ఒక అడుగు ముందుకేసింది. పగ్గం బిగుసుకుంది. అప్పుడు చూశారు. పకీరప్ప గోడకు ఆనుకుని కూచున్నాడు. ప్రాణం లేదు.

పిడికిలి విప్పబోయారు, విడలేదు. దొర తన బాకుతో తానే పగ్గం కోశాడు. ఆ సాయంత్రమే కూతురు కనింది. సొంత గడపలోనే కనింది.

ఆ కోట ఇప్పుడు లేదు. గుర్రాలూ లేవు. అయినా ఎర్రగుట్ట కింద ఈనాటికీ ఏ ఎద్దుకు కడుపుబ్బినా, ఏ బర్రెకు నొప్పొచ్చినా ఊరంతా లేచి వస్తుంది. ఇంటికొక చుట్టు. పిలవకుండానే వస్తారు. పగ్గం అందుకునేటప్పుడు పెద్దలైనా పిల్లలైనా ఒకే మాట అంటారు:

"ఇట్లియ్యి పకీరప్పా, నేను పడతా."