జెండాలో గులకరాయి

ఈ కథ నాకు ఎవరు చెప్పారో ఇప్పుడు సరిగా గుర్తులేదు. జెండా రంగు మోదుగపూల ఎరుపని అనుకుంటున్నాను, పసుపైనా కావచ్చు. మిగిలినది మాత్రం ఇలాగే విన్నాను.

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక జెండా ఉండేది. దానిని ముసలి గిజిగాడు గడ్డిపోగులతో నేసేవాడు. అడవి కోసం ప్రాణమిచ్చిన ప్రతివారి గూటి నుంచీ ఒక పోగు తెచ్చి అందులో కలపడం అక్కడి ఆచారం. తొలకరి నాడు ఏనుగు పెద్దయ్య ఆ జెండాను మద్దిచెట్టు కొమ్మకు ఎత్తేవాడు. తలెత్తి చూసిన ప్రతి ప్రాణికీ ‘ఇది మన అడవి’ అనిపించేది.

ఒక వేసవి మధ్యాహ్నం కార్చిచ్చు రేగింది. తీతువు పిట్ట పొదపొదకూ తిరిగి అరిచి, నిద్రపోతున్నవారిని లేపాడు. అందరూ ఏరు దాటారు. తీతువు మాత్రం తిరిగి రాలేదు.

కొన్నాళ్లకు అతని భార్య ముక్కున ఒక గులకరాయి పట్టుకుని గిజిగాడి దగ్గరకు వచ్చింది.

“జెండాలో రాయేమిటమ్మా? పోగు తీసుకురా” అన్నాడు గిజిగాడు.

“మేము గూడు కట్టం మామయ్యా. నేల మీద గులకరాళ్ల మధ్యే గుడ్లు పెడతాం. మా ఇల్లంటే ఇదే.”

పక్క కొమ్మ మీది కోతి నవ్వింది. “నా చెట్టు పీచు ఒకటి లాక్కో వదినా. దాని మీద పేరేమైనా రాసుంటుందా?”

“రాసి ఉండదు. కానీ పిల్లలు నాన్న ఏడని అడిగితే, పరాయి ఇంటి పీచును చూపించలేను.”

అక్కడే ఉన్న ఏనుగు పెద్దయ్య కూడా తల అడ్డంగా ఊపాడు. “రాయి కడితే జెండా ఒంగిపోతుంది తల్లీ. పొరుగు అడవివాళ్లు చూసి నవ్వుతారు.”

ఆమె రాయి తీసుకుని వెనుదిరిగింది.

గిజిగాడి చేతి పని ఆగిపోయింది. తీతువు అరుపు అపశకునమని తానెన్నిసార్లు విసుక్కున్నాడు! ఆ మధ్యాహ్నం కూడా సగం నిద్రలో, “నోరు ముయ్యవయ్యా” అన్నాడు. తరువాతే పొగ వాసన తగిలింది.

“ఆగు తల్లీ” అని పిలిచాడు. “ఆ రాయి ఇటివ్వు. గూడు లేదన్నావుగా, నేను కడతాను.”

జెండా కింది మూలన చిన్న సంచిలాంటి గూడు అల్లి, గులకరాయిని అందులో పెట్టాడు.

“ఒంగితే?” అన్నాడు ఏనుగు.

“ఒంగనివ్వండి పెద్దయ్యా. అతన్ని తిట్టి బతికినవాళ్లం. ఒక మూల వంచితే మన పరువేం పోదు.”

ఏనుగు తొండం చాచి జెండాను అందుకున్నాడు.

తొలకరి గాలికి జెండా అంచంతా ఎగిరింది. ఆ మూల మాత్రం కిందికి ఒంగి ఉంది. ఎవరూ నవ్వలేదు.

“అమ్మా, నాన్న ఏడీ?” అంది తీతువు పిల్ల.

“ఆ ఒంగిన మూల ఉందే, అక్కడ.”

“మరి నాన్న ఎగరడా?”

“కాపలా కాసేవాడు కదలడమ్మా” అంది తల్లి.

తీతువు మంటల్లో ఎలా పోయాడో నాకు చెప్పినవాళ్లు చెప్పారు. ఆ ముక్క నేనే కావాలని మీకు చెప్పలేదు. ఆ తల్లి కూడా పిల్లలకు చెప్పలేదట.

నీతి: జెండా గౌరవం అది ఎగిరే ఎత్తులో లేదు; మన కోసం నిలబడినవారిలో ఒక్కరినీ విడవకుండా మోయడంలో ఉంది.