అసిరయ్య వాటరు

రాజావారికి ఏదన్నా తోచిందంటే దివాణమంతా పరుగులే. ఈసారి ఇంగ్లీషు తోచింది. ఆదివారం ఇద్దరు దొరలు విందుకొస్తున్నారు, ఇంగ్లీషు మాట తప్పు పలికినవాడి కొలువు ఊడుతుందని హుకుం జారీ చేశారు. ఏది తప్పో తేల్చడానికి మద్రాసు నుంచి రంగాచారి మాస్టారు దిగారు.

మాస్టారు మొట్టమొదట పట్టుకున్నది నీళ్లందించే ముసలి అసిరయ్యని.

"నీళ్లని ఇంగ్లీషులో ఏమంటావు?"

"వాటరు బాబూ."

"వోటా! చివరి రకారం మింగెయ్యాలి!"

"నానెంత మింగినా అది పైకొచ్చెస్తంది బాబూ."

"వీణ్ణి తీసెయ్యండి" అన్నారు మాస్టారు. సరేనన్నారు రాజావారు. ఆజ్ఞలు రాసే గవర్రాజుకి కబురెళ్లింది.

గవర్రాజుకి మండిపోయింది. ముప్పయ్యేళ్లుగా గొడ్డులా చాకిరీ చేసిన మనిషి, ఈ వయసులో ఎక్కడికి పోతాడు? మొహంలో మాత్రం కనపడనివ్వలేదు.

"చిత్తం ప్రభూ. విందు కానివ్వండి. ఇంకెవరన్నా తప్పు పలికితే అందరి పేర్లూ ఒకే కాగితంలో రాసేస్తాను."

తిన్నగా వంటింట్లోకెళ్లి, దొరలకి పండుమిరపకాయల కొరివికారం దండిగా వడ్డించమని చెప్పొచ్చాడు.

ఆదివారం లండన్ దొర, స్కాట్లండు దొర పక్కపక్కన కూర్చున్నారు. ఎదురుగా రాజావారు, మాస్టారు. వెనకాల కాగితం, కలంతో గవర్రాజు.

ఒక్క ముద్దకే దొరల మొహాలు కందగడ్డలయ్యాయి.

"వోటా!" అన్నాడు లండన్ దొర.

"వాట్టర్ర్ర్!" అన్నాడు స్కాట్లండు దొర. ఆ రకారం వాకిట్లో గుర్రాలక్కూడా వినబడింది.

అసిరయ్య ఇద్దరికీ నీళ్లిచ్చాడు. ఇద్దరూ గటగటా తాగారు.

గవర్రాజు కలం సిరాలో ముంచాడు.

"మాస్టారూ, ఇద్దరూ చెరో రకంగా అన్నారు. తప్పు పలికిన దొర పేరు సెలవిస్తే అసిరయ్య పేరు కింద రాసుకుంటాను."

మాస్టారికి ముచ్చెమటలు పోశాయి.

"అబ్బే, తప్పు కాదయ్యా! వాళ్ల వాళ్ల ఊళ్లలో అలాగే అంటారు."

"అసిరయ్యకీ ఓ ఊరుంది మాస్టారూ."

రాజావారు పగలబడి నవ్వారు. ఎందుకో తెలియకపోయినా మర్యాదకి దొరలూ నవ్వారు. రాజావారు ఆ కాగితం లాక్కుని చింపి, తన భుజం మీది శాలువా గవర్రాజుకి కప్పారు.

ఆ కంగారులో మాస్టారు కొరివికారం ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"నీళ్లు! ఒరే అసిరయ్యా, నీళ్లు!"

అసిరయ్య పరుగున గ్లాసు తెచ్చాడు.

"వాటరు బాబూ."

మాస్టారు సరిదిద్దలేదు.